కంకర బాటా? తారు బాటా?

హైదరాబాదుకు దక్షిణాన శంషాబాదులో 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడ విమానాలు దిగడానికి వేసిన బాట పొడవు 4,260 మీటర్లు. దాని మీద గులకరాయి ఒక్కటి కూడా ఉండరాదు. ఇంజను దానిని పీల్చుకొన్నదంటే లోపలి రేకులు దెబ్బతింటాయి. కాని ఆ చుట్టుపక్కలనే మొరము పరచిన కాలిబాట మీద నడిచే వానికి ఆ చిన్న రాళ్ళే పాదానికి పట్టు ఇస్తాయి. ఒకచోట శత్రువైన రాయి మరొకచోట మిత్రుడు ఎట్లా అయినది? రోడ్ల చరిత్రను తిరగవేస్తే సమాధానం దొరుకుతుంది.

1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ రోడ్ల అధికారిగా నియమితుడైన జాన్ మెకాడం ఒక సత్యం గ్రహించినాడు. బరువును మోసేది పైనున్న రాయి కాదు, కిందనున్న పొడి నేల. నేల తడిస్తే ఎంత గట్టి రోడ్డయినా కుంగిపోతుంది. అందువల్ల ఆయన ఆరు ఔన్సులకు, అనగా సుమారు 170 గ్రాములకు మించని పగులగొట్టిన రాళ్ళనే వాడించినాడు. నదిలోని నున్నని రాళ్ళు దొర్లిపోతాయి. కోణాలున్న రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని గట్టిపడతాయి. నీరు పక్కలకు జారిపోవడానికి 30 అడుగుల వెడల్పు రోడ్డుకు నడుమ 3 అంగుళాల ఎత్తు చాలునని ఆయన చెప్పినాడు. బండ్ల ఇనుప చక్రాలు రాళ్ళను నలిపి పొడిచేసేవి. ఆ పొడి సందులలో చేరి రోడ్డును బిగించేది.

మన తెలంగాణలో ఈ పనిని ప్రకృతియే కొంత చేసిపెట్టినది. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల ఎండకు, వానకు శిథిలమై మొరముగా మారినది. అందులో గరుకు పలుకులూ, వాటిని అతికించే బంకమట్టీ రెండూ ఉన్నవి. తడిపి దిమ్మిస చేస్తే మంచి బాట సిద్ధమవుతుంది.

మరి తారు ఎందుకు వచ్చినది? 1888లో డన్లప్ గాలి నింపిన రబ్బరు చక్రాన్ని తయారుచేసినాడు. సైకిళ్ళవారు నున్నని రోడ్లు కావాలన్నారు. వెనువెంటనే మోటారు కార్లు వచ్చినవి. వేగంగా తిరిగే రబ్బరు చక్రం పొడిని బిగించదు, పైకి లాగి ఎగురవేస్తుంది. ఊళ్ళు దుమ్ముతో నిండినవి. 1902లో మొనాకోలో గుగ్లీల్మినెట్టి అనే వైద్యుడు దుమ్ము అణచడానికి రోడ్డు మీద తారు పూయించినాడు. కాబట్టి తారుపూత చక్రం కోసం వచ్చినదే గాని, పాదం కోసం కాదు.

ఈ సంగతి నేటికీ పనికివస్తుంది. శంషాబాదు మీదుగా పోయే ఔటర్ రింగు రోడ్డు పక్కన, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపున, 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. దాని వెడల్పు 4.5 మీటర్లు. నెత్తిన సౌర ఫలకాల కప్పు. చక్రాల బాట కనుక దానికి గట్టి తలమే తగినది. చక్రాల కుర్చీలో వచ్చేవారికి కూడా వదులు కంకర అడ్డుగోడ వంటిదే. కాని గట్టి తలం వాననీటిని నేలలోకి ఇంకనివ్వదు, ఎండవేడిని పట్టి ఉంచుతుంది. మొరము బాట నీటిని కొంత ఇముడ్చుకొంటుంది, మోకాళ్ళకు మెత్తగా ఉంటుంది. అయితే వాలు ఎక్కువగా ఉన్నచోట ఒక్క వానాకాలంలోనే గండ్లు పడుతుంది. ఏటేటా మరమ్మతు తప్పదు.

కాబట్టి ఉద్యానవనంలోనో చెరువుగట్టు మీదనో బాట వేసేవారు మొదట అడగవలసినది ఖర్చు ఎంత అని కాదు. ఎవరు వస్తారు, నీరు ఎటు పోతుంది అని. చక్రాలకు ఒక గట్టి పట్టీ, దాని పక్కన పాదాలకు మొరము వేస్తే ఎవరినీ బయట నిలబెట్టినట్లు కాదు.

విద్యార్థులు దీనిని పాఠశాల ఆవరణలోనే పరీక్షించవచ్చును. సిమెంటు గచ్చు మీద ఒక గ్లాసెడు, మొరము మీద ఒక గ్లాసెడు నీరు పోసి, ఎంతసేపటికి ఇంకుతుందో చూడండి. తరువాత ఒక సైకిలును రెండింటి మీద సమాన బలంతో తోసి, ఎంత దూరం పోతుందో కొలవండి. ఆ రెండు కొలతలలోనే రెండువందల ఏళ్ళ రోడ్ల చరిత్ర ఉన్నది.