రామానుజన్ పట్టికలో జారిపోయిన సంఖ్య

ఆరో తరగతి లెక్కల్లో 12 కారణాంకాలు రాసినవాళ్ళమే అందరం: 1, 2, 3, 4, 6, 12. మొత్తం ఆరు. 12 కన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలా తనకు ముందున్న అన్ని సంఖ్యలకన్నా ఎక్కువ కారణాంకాలున్నవాటిని 'అత్యధిక సంయుక్త సంఖ్యలు' అనవచ్చు. వీటిపై శ్రీనివాస రామానుజన్ పెద్ద వ్యాసం 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. యుద్ధకాలం, సొసైటీకి డబ్బు ఇబ్బంది. మిగిలిన భాగం 1988 దాకా అచ్చు కాలేదు. ఎఫ్.ఏ. తప్పిన ఆయనకు 1916 మార్చిలో కేంబ్రిడ్జి బి.ఏ. పట్టా ఇచ్చింది ఈ పరిశోధనకే!

ఆ వ్యాసంలో చేత్తో కట్టిన పట్టిక ఒకటుంది. చివరి సంఖ్య 67,46,32,83,88,800. దాని కారణాంకాలు 10,080. అయితే మధ్యలో ఒక్క సంఖ్య జారిపోయింది: 2,93,31,86,25,600. సిద్ధాంతాలకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు, అవి పట్టిక మీద నిలిచినవి కావు. కానీ ఆ సంఖ్య ఎంత ముచ్చటైనదో చూడండి.

2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19

ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణిస్తే 7×5×3×3×2×2×2×2, అంటే 5,040 కారణాంకాలు. ఆ 5,040 కూడా ఈ జాతి సంఖ్యే, దానికి 60 ఉన్నాయి. ఇంకా చిత్రం, జారిపోయిన సంఖ్యను 23తో గుణిస్తే పట్టికలోని ఆ చివరి సంఖ్యే వస్తుంది. సరిచూడాలనుకునేవారు కాగితం, పెన్సిలు తీసుకోండి. 12 అంకెల క్యాలిక్యులేటరులో జవాబు పట్టదు.