ఇంటి వైఫైలో హార్డ్ డిస్క్: చరిత్ర, విశాఖ ప్రాంతంలో వాడుక

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను గానీ పెన్‌డ్రైవ్‌ను గానీ వైఫై రూటర్‌కున్న యూఎస్‌బీ పోర్టులో పెడితే, అందులోని ఫైళ్లు ఇంట్లోని ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ టీవీకీ తీగ లేకుండా అందుతాయి. దీనికి బయటి ఇంటర్నెట్‌తో పని లేదు. వీధిలో కేబుల్ తెగినా, రూటర్‌కూ డిస్క్‌కూ కరెంటు ఉంటే ఇంటి నెట్‌వర్క్ నడుస్తూనే ఉంటుంది. తుఫాను దారిలో ఉండే విశాఖపట్నం జిల్లాకు, అందులోనూ భీమిలికీ విజయనగరానికీ నడుమ ఉన్న పద్మనాభం లాంటి గ్రామీణ మండలాలకు, ఈ ఏర్పాటులో అన్నిటికన్నా పనికొచ్చే గుణం ఇదే.

ఈ ఏర్పాటుకు పునాది ఆఫీసుల్లో పడింది. ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లను మరో కంప్యూటర్ తెరిచేందుకు ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ 1983లో ఎస్ఎంబీ అనే పద్ధతిని రూపొందించారు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92లో మొదలుపెట్టిన సాంబా అనే సాఫ్ట్‌వేర్ దాన్ని యూనిక్స్, లినక్స్ యంత్రాలకు ఉచితంగా అందించింది. ఇంటి రూటర్లు చాలావరకు లినక్స్‌తోనే నడుస్తాయి కాబట్టి, అంత చిన్న పెట్టె ఫైల్ సర్వర్‌గా మారగలగడానికి సాంబాయే ఆధారం. యూఎస్‌బీ 1996లో వచ్చింది. 2000లో వచ్చిన రెండో తరం సెకనుకు 480 మెగాబిట్ల వేగం ఇచ్చాకే డిస్క్‌ను దానితో నడపడం తేలికైంది.

2004లో లింక్‌సిస్ సంస్థ ఎన్ఎస్ఎల్‌యూ2 అనే చిన్న పెట్టెను తెచ్చింది. రెండు యూఎస్‌బీ డిస్కులను నెట్‌వర్క్‌కు కలపడం దాని పని. అయితే దానికి వైఫై లేదు, తీగతో రూటర్‌కు కలపాలి. 2007లో యాపిల్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ట్రీమ్ రూటర్‌కే డిస్క్ తగిలించే వీలు కల్పించింది. మరుసటి ఏడాది టైమ్ క్యాప్సూల్‌లో డిస్క్ రూటర్ లోపలికే వెళ్లింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005 జనవరిలో నియమం తెచ్చింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైందీ ఆ నెలలోనే.

విశాఖ చరిత్రలో ఈ విషయానికి దగ్గరి మలుపులు రెండు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులతో తీరం దాటి, స్తంభాలను కూల్చి, కరెంటునూ ఫోన్లనూ రోజుల తరబడి నిలిపేసింది. రెండోది ఏపీ ఫైబర్‌నెట్. కరెంటు స్తంభాల మీదుగా రాష్ట్రమంతటా సుమారు 24 వేల కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ లాగి, విశాఖలో నెట్‌వర్క్ నిర్వహణ కేంద్రం పెట్టి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు అందించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి నెలకు 149 రూపాయల నుంచి ఇచ్చారు. తవ్వకం లేకపోవడం వల్లే అది అంత చవకగా పల్లెలకు చేరింది. స్తంభం ఒరిగితే కరెంటుతో పాటు ఇంటర్నెట్ కూడా పోవడానికీ అదే కారణం. హుద్‌హుద్‌ను చూసిన జిల్లాలో ఈ సంగతి మరువరానిది. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, కార్తీక అమావాస్యనాడు పద్మనాభం కొండ మెట్ల మీద జరిగే దీపోత్సవం దృశ్యాలు క్లౌడ్‌లో మాత్రమే దాచుకుంటే, లైను వచ్చేదాకా వాటిని చూడలేం. రూటర్‌కు తగిలించిన డిస్క్‌లో ఉంటే, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అవి అందుబాటులోనే ఉంటాయి.

వాడుకలో ఎదురయ్యే మొదటి చిక్కు కరెంటే. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. తిరిగే డిస్క్ మొదలయ్యేటప్పుడు అంతకు మించి లాగుతుంది. అందుకే కొన్ని డిస్కులు టిక్ టిక్‌మని ఆగిపోతాయి. సొంత అడాప్టర్ ఉన్న డిస్క్ గానీ, కరెంటు విడిగా తీసుకునే హబ్ గానీ దీనికి మందు. రెండోది, యూఎస్‌బీ 3 తీగలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ వెల్లడించింది. డిస్క్ పెట్టగానే వైఫై మందగిస్తే, డిస్క్‌ను యాంటెన్నాకు దూరంగా జరపాలి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి. మూడోది ఫార్మాట్. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు కనుక పెద్ద పెళ్లి వీడియో ఎక్కదు. ఎన్‌టీఎఫ్ఎస్‌ను చవక రూటర్లలో కొన్ని చదువుతాయి గానీ రాయలేవు.

భద్రత విషయంలో 2014 ఫిబ్రవరి అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన నెల. ఆసుస్ రూటర్లలోని లోపాల వల్ల వాటికి తగిలించిన డిస్కులు బయటి ప్రపంచానికి తెరుచుకున్నాయి. 12,900కు పైగా వినియోగదారుల నిల్వల్లోకి చొరబాటు జరిగిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆసుస్ 20 ఏళ్లపాటు స్వతంత్ర తనిఖీలకు లోబడాలి. ఇంటి డిస్క్‌ను ఊళ్లో లేనప్పుడూ తెరుచుకోవాలన్న కోరిక సహజమే, కానీ ఆ సౌకర్యాన్ని మూసి ఉంచడమే మేలు. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాత ఎస్ఎంబీ మొదటి రూపంలోని లోపాన్ని వాడుకుని ప్రపంచమంతా పాకింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ కొత్తగా వేసుకునే విండోస్ 10లో ఆ రూపాన్ని తొలగించడంతో, పాత రూటర్లకు తగిలించిన డిస్కులు చాలా కంప్యూటర్లలో కనబడకుండా పోయాయి. భద్రత పోయినా సరేనని ఆ పాత రూపాన్ని మళ్లీ తెరవడం కన్నా, రూటర్ సాఫ్ట్‌వేర్‌ను నవీకరించడమో, వీలున్న రూటర్లలో ఓపెన్‌వర్ట్ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ వేయడమో సరైన దారి.