సశేషం అన్న మాట వెనకాల

మా అమ్మ దగ్గర ఒక పాత ట్రంకుపెట్టె ఉంది. అందులో పట్టుచీరలుంటాయని చిన్నప్పుడు మేమంతా అనుకునేవాళ్ళం. తీరా ఒకరోజు మూత తీసి చూస్తే అన్నీ సీరియల్ నవలలు! వారపత్రికల్లోంచి పేజీలు చింపి, వరసగా పేర్చి, సూదీ దారంతో కుట్టి, పైన పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసినవి. 1970ల్లో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసిన పనే అది. ఆ పుస్తకాల్లో ప్రతి ఐదారు పేజీలకీ ఒకచోట కింద చిన్న అక్షరాల్లో "సశేషం" అని ఉంటుంది.

నేను నవలలు రాయడం మొదలుపెట్టాక ఆ మాటంటే నాకు దడ పట్టుకుంది. వచ్చేవారం ఏమవుతుందో అని చదివేవాళ్ళకి ఆత్రం. రాసేవాళ్ళకీ సరిగ్గా అదే ఆత్రం, కాకపోతే పైకి చెప్పుకోలేం. నా మొదటి సీరియల్లో మూడో వారం ఇద్దరు పిల్లలతో పుట్టింటికొచ్చిన ఆడపడుచుకి, పదకొండో వారానికి ముగ్గురు పిల్లలయ్యారు. "అమ్మా, ఆ మూడో కాన్పు ఎప్పుడైందో మాకు చెప్పనేలేదు" అని ఒక పాఠకురాలు కార్డు రాసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఆ సిగ్గుతోనే, మనకంటే ముందు ఈ పని చేసినవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారో చూద్దామనిపించింది. బి.ఏ.లో నోట్సు బట్టీపట్టి గట్టెక్కిన చార్లెస్ డికెన్స్‌ని మళ్ళీ తీశాను. ఆయనా మనలాంటి వాయిదాల రచయితే సుమండీ! ఆయన నవలలన్నీ నెలనెలా గాని, వారం వారం గాని భాగాలుగా వచ్చినవే.

మొదట్లో ఆయనకీ పథకం, పాడూ ఏమీ లేవు. 1836లో రాబర్ట్ సేమర్ అనే చిత్రకారుడు వేసే వేట బొమ్మలకి పక్కన నాలుగు మాటలు రాసిపెట్టమని ప్రచురణకర్తలు అడిగితే, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు సరేనన్నాడు. అదే "పిక్‌విక్ పేపర్స్". మొదటి సంచిక వచ్చిన కొద్దిరోజులకే పాపం ఆ చిత్రకారుడు ఆత్మహత్య చేసుకున్నాడు. దాంతో బొమ్మల వెనక నడవాల్సిన కథ ముందుకొచ్చి కూచుంది. నెలకి ముప్ఫైరెండు పేజీలు, వెల ఒక షిల్లింగు. మొదట్లో అమ్మకం అంతంతమాత్రం. నాలుగో సంచికలో శామ్ వెల్లర్ అనే నౌకరు నోరు విప్పేసరికి జనం ఎగబడ్డారు. చివరికి సంచికకి 40 వేల ప్రతులు! అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. నవ్వించే సంఘటనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయే తప్ప, అందులో ఒక చివర లాగితే ఇంకో చివర కదిలే కథ లేదు.

అలాంటి మనిషి పదేళ్ళు తిరిగేసరికి ఎంత మారాడో చూడండి. 1846లో "డాంబీ అండ్ సన్" మొదలుపెట్టినప్పుడు, కథ మొత్తం ఎటు పోతుందో తన స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్‌కి ముందే ఉత్తరం రాశాడు. అంతేకాదు, ఆ నవలకి ప్రతి నెలకీ ఒక కాగితం పెట్టుకున్నాడు. కాగితం అడ్డంగా తిప్పి రెండు భాగాలు. కుడివైపు ప్రకరణాల అంకెలు, పేర్లు, వాటిలో జరిగేవి. ఎడమవైపు తనకి తానే వేసుకున్న ప్రశ్నలు: ఫలానావాళ్ళు ఈ నెల రావాలా? ఫలానా రహస్యం ఇప్పుడు బయటపడాలా? పక్కనే జవాబులు. అవును, వద్దు, ఇప్పుడే కాదు.

ఇది చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ పెళ్ళి పద్దుపుస్తకం గుర్తొచ్చింది. ఎవరికి చీర పెట్టాలి, ఎవరికి జాకెట్టుగుడ్డ సరిపోతుంది, ఎవరికి ఇప్పుడే చెప్పకూడదు! ఇందులో నాకు బాగా ఉపకరించిన ముక్క ఇంకొకటుంది. కుడివైపు రాతల్లో కొన్ని ప్రకరణం రాసేశాక రాసుకున్నవిట. అంటే ముందు వేసిన పథకమే కాదు, వెనక జరిగినదాని గుర్తు కూడా. అలాంటి కాగితం ఒక్కటి నా దగ్గరుంటే ఆ ఆడపడుచుకి మూడో కాన్పు వచ్చేదా? ఆ కాగితాలు రాతప్రతులతోపాటు ఇప్పటికీ లండన్‌లో, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

కాగితం ఉంది కదా అని అన్నీ దాని ప్రకారమే జరిగాయనుకోకండి. వాల్టర్ అనే మంచికుర్రాణ్ణి క్రమంగా చెడిపోయేవాడిగా చూపించాలని మొదట ఆయన ఆలోచన. తరవాత మానుకున్నాడు. డాంబీ రెండోభార్య ఈడిత్ మొగుణ్ణి వదిలి ఇంకొకడితో లేచిపోయే ఘట్టం ఉంది. ఆవిడ అతనికి లొంగిపోతుందంటే నేను నమ్మనని జెఫ్రీ ప్రభువు అనే పెద్దాయన పట్టుబట్టాడు. లేచిపోయిన ఈడిత్ చివరికి ఆ మనిషి మొహం మీదే ఛీకొట్టి వెళ్ళిపోయింది. పెద్దాయన పోరితే పోరాడు గాని, నా మటుకు నాకు అదే బావుంది. చిన్నవాడు పాల్ చావు మాత్రం మొదటినుంచీ అనుకున్నదే. అంత ముందుగా అనుకున్నా, 1847 జనవరిలో ఆ ప్రకరణం ముగించిన రాత్రి డికెన్స్ ఇంట్లో ఉండలేక తెల్లవారేదాకా పారిస్ వీధుల్లో తిరిగాడు.

"డేవిడ్ కాపర్‌ఫీల్డ్" దగ్గరికొచ్చేసరికి నా మనసు ఇంకా చివుక్కుమంటుంది. డేవిడ్ మొదటి భార్య డోరా మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటిఖర్చు పద్దు రాయబోతే కుక్కపిల్ల దాని మీద నడిచేస్తుంది, అంత అమాయకురాలు. ఆ పిల్లని ఉంచాలా, చంపాలా? 1850 మే నెలలో కూడా ఆయన ఎటూ తేల్చుకోలేక, ఈరోజు తేల్చి తీరాలి అని స్నేహితుడికి రాశాడు. చంపడానికే నిశ్చయించుకున్నాడు. ఆగస్టు 16న ఆయన భార్య కేథరిన్‌కి ఆడపిల్ల పుట్టింది. పేరేం పెట్టారనుకున్నారు? డోరా! అయిదు రోజుల తరవాత ఆయన భార్యకి ఉత్తరం రాస్తూ, డోరాని చంపే పని ఇంకా మిగిలే ఉందని చెప్పి, పుస్తకంలో డోరా సుమా అని వెంటనే సర్దుకున్నాడు. ఆ ఉత్తరం అందుకున్న బాలింత ఏమనుకుందో! 1851 ఏప్రిల్ 14న ఎనిమిది నెలల పసిపాప హఠాత్తుగా పోయింది. ఆ సమయానికి తండ్రి ఒక విందుసభలో అధ్యక్షుడిగా ఉన్నాడు.

దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసినా, ఆ ఏడాది నా నవలలో చంటిబిడ్డని చంపాల్సిన ప్రకరణం పక్కన పెట్టేశాను. కథకి ఆ చావు అవసరం. ఆ పిల్ల బతకడంవల్ల నవల చివరి నాలుగు వారాలూ కుంటుతూ నడిచింది. ఆ సంగతి నాకూ తెలుసు, సంపాదకులకీ తెలుసు.

మన తెలుగులోనూ ఈ కథ వాయిదాలతోనే మొదలైంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి "రాజశేఖర చరిత్రము" 1878లో వివేకవర్ధనిలో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. కలిగిన కుటుంబం అన్నీ పోగొట్టుకుని, నానా అగచాట్లూ పడి, మళ్ళీ నిలదొక్కుకోవడం అన్న చట్రానికి ఆయనకి ప్రేరణ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్". కాని ఆ చట్రంలో ఆయన కూచోబెట్టింది మన మనుషుల్ని, మన మూఢనమ్మకాల్ని, మన గోదావరి గాలిని. అది 1887లో "ఫార్చ్యూన్స్ వీల్" అన్న పేరుతో ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. అప్పు తెచ్చుకున్న చోటికే సారె పంపించినట్టయింది!

ముగింపు సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. 1860 డిసెంబరునుంచి డికెన్స్ తన సొంత వారపత్రికలో "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్" రాశాడు. అప్పటికి అందులో నడుస్తున్న వేరొకరి సీరియల్ జనానికి నచ్చక, పత్రిక అమ్మకం పడిపోయిందని. ఆఖర్న నాయికా నాయకులు ఒక్కసారి కలుసుకుని ఎవరిదారిన వాళ్ళు పోయినట్టు రాస్తే, బుల్వర్ లిట్టన్ అనే రచయిత ఇదేం బాగా లేదన్నాడు. డికెన్స్ ముగింపు మార్చి, ఇద్దర్నీ చెయ్యీ చెయ్యీ పట్టించి నడిపించాడు. ఆయన పోయాక ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో మొదటి ముగింపు కూడా అచ్చయ్యేసరికి, ఏది మేలు అని వాదించుకోవడం జనానికి పనైంది.

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఒక నవలకి ఆఖరి వారం పేజీలు లేవు. ఆ వారం పత్రిక ఎవరో పట్టుకెళ్ళి తిరిగివ్వలేదట. చిన్నప్పుడు నేనడిగితే, పిల్ల అత్తవారింటికి వెళ్ళిపోయింది, అందరూ సుఖంగా ఉన్నారు అని చెప్పేది. మొన్న పాత పుస్తకాల కొట్లో ఆ నవల దొరికింది. చివర్లో ఆ అమ్మాయి వెళ్ళదు. ఉద్యోగం వెతుక్కుని ఒక్కతే గది తీసుకుంటుంది. అమ్మకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకు తెలుసే. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి కదా అని అలా చెప్పాను" అంది.