జిరాక్స్ హక్కు ఎక్కడ పుట్టింది?

తెలుగు పుస్తకం తెరవగానే లోపలి పేజీలో ‘సర్వహక్కులు రచయితవి’ అని కనిపిస్తుంది. చట్టం మాత్రం అంత మాట అనదు. కొన్ని హక్కులను అది పాఠకుడికి అట్టిపెట్టింది.

కాపీరైటు కథ 1710లో ఇంగ్లండులో, ఆన్ రాణి శాసనంతో మొదలవుతుంది. అంతకుముందు అచ్చు మీద పెత్తనమంతా లండన్ ముద్రాపకులు, పుస్తక వర్తకుల సంఘానిది. శాసనం ఆ హక్కును రచయిత చేతికిచ్చింది. ఇస్తూనే గడువు పెట్టింది. 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికుంటే మరో 14. విద్యావ్యాప్తి కోసమే ఈ చట్టమని దాని పేరులోనే ఉంది. గడువు లోపల కూడా ఇతరులు కొంత వాడుకోవచ్చన్నది తర్వాత న్యాయమూర్తులు చేర్చిన మాట. 1841లో అమెరికాలో ఒకాయన జార్జి వాషింగ్టన్ రచనల 12 సంపుటాల నుంచి 353 పేజీలు ఎత్తి, రెండు సంపుటాల జీవితచరిత్ర వేశాడు. ఎంత తీసుకున్నాడు, ఎందుకు తీసుకున్నాడు, అసలు పుస్తకం అమ్మకాలకు దెబ్బ తగులుతుందా అని జస్టిస్ జోసెఫ్ స్టోరీ ఆరా తీశాడు. ‘ఫెయిర్ యూజ్’కు ఈ ప్రశ్నలే పునాది. తమాషా ఏమిటంటే, ఆ కేసులో వాడుకున్నవాడు ఓడిపోయాడు.

మన 1914 చట్టంలో ఒక విశేషముంది. బ్రిటిష్ ఇండియాలో తొలిసారి అచ్చయిన పుస్తకానికి అనువాద హక్కు పదేళ్లే. ఆలోగా రచయిత ఏదైనా భాషలో అనువాదం వేయించకపోతే, ఆ భాషలో ఎవరైనా వేసుకోవచ్చు. బెంగాలీ నవలలు తెలుగులోకి వెల్లువెత్తిన రోజుల్లో అమల్లో ఉన్నది ఈ చట్టమే.

తర్వాత వచ్చిన 1957 చట్టం పాఠకుడి వాటానంతా సెక్షన్ 52లో పోగేసింది. సొంత చదువు, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు, తరగతి గదిలో బోధన అన్నీ అందులోకే వస్తాయి. చివరికి పెళ్లి ఊరేగింపులో పాటలకు కూడా ఆ సెక్షన్‌లో మినహాయింపు చేరింది! మరోవైపు గడువు మాత్రం పెరిగింది. 1941లో పోయిన ఠాగూరు రచనలపై 50 ఏళ్ల హక్కు 1991తో తీరిపోతుందనగా, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి దాన్ని 60 ఏళ్లు చేసింది. ఒక్క మహాకవి పేరు చెప్పి, గడువు తీరని పుస్తకాలన్నింటికీ మరో పదేళ్లు తాళం వేయడం నాకు సబబుగా తోచదు.

సెక్షన్ 52కు అసలు పరీక్ష ఎదురైంది ఒక జిరాక్స్ షాపులో. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్, అధ్యాపకులు సూచించిన అధ్యాయాలను కలిపి కుట్టి కోర్సు ప్యాకులుగా అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఆ షాపు మీద, విశ్వవిద్యాలయం మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. కోర్సు ప్యాకులు ఆగిపోయాయి. విద్యార్థులు సంఘం కట్టి కేసులో చేరారు. ప్రచురణకర్తలకు అభ్యంతరం తెలిపినవారిలో అమర్త్యసేన్ కూడా ఉన్నారు. 2016 సెప్టెంబరులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. ఒకప్పుడు విద్యార్థి లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకున్నదే ఇప్పుడు యంత్రం చేస్తోంది, పని సులువైనంత మాత్రాన నేరం కాదన్నది ఆయన తర్కం. డిసెంబరులో డివిజన్ బెంచి, ఇన్ని పేజీలే అన్న లెక్క చట్టంలో లేదనీ, బోధనకు అవసరమా కాదా అన్నదే చూడాలనీ చెప్పింది. కొన్ని అంశాలను మాత్రం మళ్లీ విచారించమంది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావానే వెనక్కి తీసుకున్నారు.

2012 సవరణ ఈ వాటాను మరికొంత పెంచింది. చూపులేనివారికి అనువైన ప్రతులు చేసుకునే వీలు అప్పుడే వచ్చింది. వారికోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

చట్టంలో ఉన్నా మనం వాడనిది ఇంకొకటుంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన అవసరానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. మీ ఊరి గ్రంథాలయంలో శిథిలమవుతున్న పాత తెలుగు పుస్తకం కనిపిస్తే, లైబ్రేరియన్ గారికి ఈ సంగతి గుర్తుచేయండి.