మకొండే మాస్కులు

మకొండే మాస్కులు తూర్పు ఆఫ్రికాకు చెందిన మకొండే ప్రజలు కొయ్యతో చెక్కి, నాట్యాలలో ధరించే ముఖతొడుగులు. మకొండే ప్రజలు ముఖ్యంగా మొజాంబిక్ ఉత్తర భాగంలోని ముయెడా పీఠభూమి మీద, రువుమా నదికి ఆవల టాంజానియా ఆగ్నేయ భాగంలోను నివసిస్తున్నారు. బాలబాలికలను పెద్దవారిగా అంగీకరించే దీక్షా సంస్కారాలలో ఈ మాస్కులకు ప్రధాన స్థానమున్నది.

రూపం

మొజాంబిక్ మకొండేల మాస్కు శిరస్త్రాణం వలె తలకు తొడుగుకొనేది. దీనిని లిపికో అంటారు, బహువచనం మపికో. ఆ నాట్యానికి కూడా మపికో అనియే పేరు. తేలికైన కొయ్యను లోపల తొలిచి దీనిని తయారు చేస్తారు. నాట్యకారుడు మాస్కు నోటి రంధ్రం గుండా బయటకు చూస్తాడు. తలపై నిజమైన మనిషి వెంట్రుకలు అతికిస్తారు. మకొండేలు పూర్వం ముఖంపై పొడిపించుకొనే పచ్చబొట్ల వంటి గీతలను తేనెమైనంతో ఉబ్బెత్తుగా చూపుతారు. స్త్రీ ముఖమైతే పైపెదవికి బిళ్ళ కూడా ఉంటుంది. టాంజానియా వైపు ముఖాన్ని మాత్రమే కప్పే మాస్కులు ఎక్కువ. గర్భిణి దేహాన్ని పోలిన కొయ్య తొడుగులు కూడా కలవు. వాటిని ధరించేది పురుషులే.

అంగళ్ళలో విరివిగా అమ్మే నల్లకొయ్య మకొండే శిల్పాలు వేరు. అవి 20వ శతాబ్దంలో కొనుగోలుదారుల కొరకు వృద్ధి చెందిన కళ.

దీక్షలో పాత్ర

బాలురను ఊరికి దూరంగా ఉంచి, సున్తీ జరిపి, పెద్దల నడవడి నేర్పుతారు. మాస్కు ధరించినది మనిషి కాదనీ, చనిపోయినవారి ఆత్మ అనీ స్త్రీలకు, పిల్లలకు చెప్పబడుతుంది. అందుకే నాట్యకారుని శరీరమంతా వస్త్రాలతో కప్పివేస్తారు. దీక్షలో బాలురకు ఈ రహస్యం విప్పబడుతుంది. అంతవరకు తమను భయపెట్టినది తమ ఊరి మనిషేనని వారు తెలుసుకుంటారు. దానిని బయటపెట్టరాదు. అయితే తమ ఇంటి మనిషి నడకను స్త్రీలు గుర్తించలేరని నమ్మడం కష్టమే. తెలిసినా తెలియనట్లుండడం కూడా ఈ ఆచారంలో భాగమనుకోవచ్చు.

ఇటీవలి చరిత్ర

వలస పాలనాకాలంలో పోర్చుగీసు అధికారుల ముఖాలను కూడా మాస్కులుగా చెక్కారు. 1975లో మొజాంబిక్ స్వతంత్రమైన తరువాత ప్రభుత్వం దీక్షా సంస్కారాలను నిరుత్సాహపరచినప్పటికీ మపికో నాట్యం నిలిచింది.

1984లో దారెస్సలాం జాతీయ ప్రదర్శనశాల నుండి దొంగిలింపబడిన ఒక మకొండే మాస్కు స్విట్జర్లాండులోని బార్బియే-ముల్లర్ ప్రదర్శనశాలకు చేరినది. సుదీర్ఘ సంప్రదింపుల పిదప 2010లో అది టాంజానియాకు తిరిగి అప్పగించబడినది.