నగరాల్లో దురాక్రమణ మొక్కలు: కృత్రిమ మేధ ఎంతవరకు పసిగడుతుంది?

చెరువులో గుర్రపుడెక్క, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ. మనవాళ్లు ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఈ రెండూ కనిపిస్తూనే ఉంటాయి. పేర్లే వేరు. వయ్యారిభామను కన్నడిగులు కాంగ్రెస్ గిడ అంటారు, మరాఠీవారు గాజర్ గవత్ అంటారు. గుర్రపుడెక్క పుణెలో జలపర్ణి. తమిళంలో ఆకాయత్తామరై అన్న పేరు గుర్రపుడెక్కకూ, మనం అంతరతామర అనే వేరే నీటిమొక్కకూ కూడా నడుస్తుంది. అందుకే నగరపాలక సంస్థకు ఫిర్యాదు రాసేటప్పుడు తికమక వస్తుంది.

బయటి దేశం నుంచి వచ్చి, స్థానిక మొక్కలను అణిచేసి పెరిగేవే దురాక్రమణ మొక్కలు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది. అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. వయ్యారిభామను మన దేశంలో 1955లో పుణెలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చాలామంది చెప్పుకుంటారు. దాని పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది, ఆకు తగిలితే కొందరికి చర్మం దద్దురెక్కుతుంది. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది కాబట్టి పూతకు ముందే కనిపెట్టడం ముఖ్యం.

చెరువుల విషయంలో ఉపగ్రహాలు బాగా పనికొస్తాయి. పచ్చని ఆకు పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, నీరు పీల్చేసుకుంటుంది. ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ జంట ఒకే చోటును సుమారు 5 రోజులకోసారి చూస్తుంది, చిత్రాలు ఉచితం. ‘ఇది గుర్రపుడెక్క, ఇది నాచు, ఇది ఖాళీ నీరు’ అని గుర్తుపెట్టిన చిత్రాలతో కంప్యూటర్‌కు నేర్పిస్తే, కొత్త చిత్రంలో తెప్ప ఎంత పరుచుకుందో అదే లెక్కగడుతుంది. అయితే ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం. ఒడ్డున నాలుగు మొక్కలు అప్పుడే మొలిస్తే దానికి ఆనవు. వానాకాలం మబ్బులు మరో అడ్డంకి.

రోడ్డుపక్క మొక్కలకు ఉపగ్రహం చాలదు. బ్రిటన్‌లో వాహనానికి కెమెరాలు బిగించి, దారి పక్కన జపనీస్ నాట్‌వీడ్ వంటి వాటిని పట్టే ప్రయోగం చేశారు. మన చేతిలో ఉన్నది ఫోను. ఫ్రెంచి పరిశోధన సంస్థల ప్లాంట్‌నెట్ యాప్‌లో ఫొటో పెడితే పోలిన మొక్కల పేర్లు శాతాలతో చూపిస్తుంది. ఆ శాతం పోలికకు కొలతే గాని నిర్ధారణ కాదు. లేత వయ్యారిభామ ఆకు చూడటానికి చామంతి, మాచిపత్రి ఆకుల్లా ఉంటుంది. యాప్ మాట నమ్మి పక్కింటివారి చామంతి మడి పీకితే తగువు మనకే! ఆకు, కాండం, పువ్వు విడివిడిగా తీసి పెట్టండి. తొలి రెండు పేర్ల శాతాలు దగ్గరగా ఉంటే, ఆ ఊళ్లో మొక్కలు తెలిసిన పెద్దవారికో, కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకులకో చూపించండి.

వయ్యారిభామ అని తేలాక, నేల తడిగా ఉన్నప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. ఉబ్బసం ఉన్నవారు దూరంగా ఉండాలి. పూత వచ్చిన మొక్కను ఎరువు గుంటలో వేయకూడదు, గింజలు అక్కడే మొలుస్తాయి.

ఫిర్యాదులో స్థానిక పేరు పక్కన శాస్త్రీయ నామమూ, ఫొటో, మ్యాప్ లొకేషన్ ఇవ్వండి. వయ్యారిభామ: పార్థీనియం హిస్టెరోఫోరస్. గుర్రపుడెక్క: పాంటెడీరియా క్రాసిప్స్. పాత పుస్తకాల్లో, చాలా కార్యాలయాల్లో ఇంకా ఐకార్నియా క్రాసిప్స్ అనే ఉంటుంది, రెండూ ఒకటే.