పాత పికప్‌లో ఐడిల్ వేగం పెరిగితే: కారణాలు, పరీక్షలు, మరమ్మతు

ఆక్సిలరేటర్‌పై కాలు లేకపోయినా ఇంజిన్ హోరెత్తడం పాత పికప్ వాహనాల్లో తరచుగా కనిపించే లోపం. దీన్ని సరిచేయడానికి చాలామంది ముందుగా ఐడిల్ స్క్రూను తిప్పుతారు. అయితే పెరిగిన వేగం జ్వరం వంటిది, దాని మూలం సాధారణంగా మరోచోట ఉంటుంది. ఆ మూలాన్ని గుర్తించకుండా స్క్రూ తిప్పితే ఒక లోపం రెండవుతుంది.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ వంటి పట్టణాల్లో ఈ సమస్యకు ప్రాధాన్యం ఎక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ రైల్వే ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. కోల్‌కతా నుంచి విశాఖపట్నం మీదుగా చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, బిలాస్‌పూర్ వైపు నుంచి వచ్చే 49వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. రహదారిపై పరుగెత్తే సరుకు వాహనం గోల్ బజార్ వంటి రద్దీ ప్రాంతంలో అంగుళం అంగుళంగా కదలాలి. ఐడిల్ వేగం ఎక్కువైతే బండి తనంతట తానే ముందుకు తోసుకుపోతుంది. బ్రేకులు, క్లచ్ త్వరగా అరుగుతాయి, డీజిల్ వృథా అవుతుంది.

ఎంత వేగం సాధారణం?

చిన్న సరుకు వాహనాల ఇంజిన్లు వేడెక్కిన తర్వాత చాలావరకు నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య ఐడిల్‌లో తిరుగుతాయి. కచ్చితమైన అంకె వాహన మాన్యువల్‌లో ఉంటుంది. ఉదయం చల్లటి ఇంజిన్ కొంతసేపు వేగంగా తిరగడం, ఏసీ వేసినప్పుడు వేగం కొద్దిగా పెరగడం లోపాలు కావు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, ఏసీ ఆపిన తర్వాతే పరీక్షించాలి. ఆర్‌పీఎం మీటరు లేని బండికి క్రాంక్ పుల్లీపై మెరిసే టేపు అతికించి, చేతి టాకోమీటరుతో వేగం కొలవవచ్చు.

పాత డీజిల్ ఇంజిన్లలో

1988లో వచ్చిన టాటామొబైల్ 206 నుంచి 2005లో వచ్చిన టాటా ఏస్ వరకు దేశంలో చిన్న సరుకు రవాణా ప్రధానంగా డీజిల్‌పైనే నడిచింది. పాత డీజిల్ ఇంజిన్‌లో వేగాన్ని నిర్ణయించేది లోపలికి వెళ్లే గాలి కాదు, పంపు ఇచ్చే ఇంధనం. ఆ ఇంధనాన్ని అదుపు చేసేది పంపులోని గవర్నర్. ఖరగ్‌పూర్ డీజిల్ లోకో షెడ్‌లో పనిచేసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. డబ్ల్యూడీఎం-2 లోకోమోటివ్ ఇంజిన్ ఐడిల్‌లో 400, ఎనిమిదో నాచ్‌లో 1,000 ఆర్‌పీఎం వద్ద నిలకడగా తిరగడానికి కారణం కూడా గవర్నరే.

పరీక్ష బయటి భాగాల నుంచి మొదలుకావాలి. ముందుగా ఆక్సిలరేటర్ పెడల్ కింద మ్యాట్ అడ్డుపడిందేమో చూడాలి. తర్వాత ఇంజిన్ ఆపి, పంపు లివర్ నుంచి ఆక్సిలరేటర్ కేబుల్‌ను విడదీసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. వేగం తగ్గితే లోపం కేబుల్‌లోనో పెడల్‌లోనో ఉన్నట్టు. వానాకాలపు తేమకు కేబుల్ లోపలి తీగ తుప్పుపట్టి బిగుసుకోవడం సాధారణం. అటువంటి కేబుల్‌ను మార్చడం మేలు. కొత్త కేబుల్‌కు కొద్దిపాటి వదులు ఉంచాలి.

కేబుల్ తీసినా వేగం తగ్గకపోతే లివర్ తన స్టాప్ స్క్రూను పూర్తిగా తాకుతోందో లేదో చూడాలి. తాకకపోతే రిటర్న్ స్ప్రింగ్ సాగి ఉండవచ్చు, లేదా లివర్ ఇరుసు బిగిసి ఉండవచ్చు. కొన్ని పంపుల్లో చలిలో వేగం పెంచే ప్రత్యేక అమరిక, ఏసీ కోసం వేగం పెంచే పరికరం ఉంటాయి. ఇంజిన్ వేడెక్కినా ఇవి లివర్‌ను నెడుతూ ఉంటే లోపం అక్కడే ఉంది. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే ఐడిల్ స్క్రూను సవరించాలి. అప్పటికీ ఫలితం లేకపోతే పంపును క్యాలిబ్రేషన్ బెంచ్ ఉన్న దుకాణానికి పంపాలి. గరిష్ఠ ఇంధన స్క్రూను మాత్రం తాకరాదు.

పెట్రోల్ ఇంజిన్లలో

పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్‌ను దాటుకుని దొంగచాటుగా చొరబడే గాలి ప్రధాన కారణం. పగిలిన వాక్యూమ్ గొట్టం, పాడైన మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, మూసుకోని పీసీవీ వాల్వ్ ఈ కోవలోకి వస్తాయి. బ్రేక్ బూస్టర్ గొట్టం చిరిగితే వేగం పెరగడమే కాక బ్రేక్ కూడా గట్టిపడుతుంది. అటువంటి బండిని నడపరాదు. లీకును గుర్తించడానికి మండే ద్రవాలను వేడి ఇంజిన్‌పై చల్లడం ప్రమాదకరం, పొగ పరీక్ష సురక్షితం.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లలో థ్రాటిల్ వద్ద మసి, ఐడిల్ గాలి వాల్వ్ ఇరుక్కోవడం కూడా కారణాలే. కూలెంట్ సెన్సర్ చెడినా, కూలెంట్ తగ్గి సెన్సర్ చుట్టూ గాలి చేరినా కంట్రోల్ యూనిట్ ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని భావించి వేగం పెంచుతుంది. కేబుల్ లేని కామన్ రైల్ డీజిల్ వాహనాల్లోనూ స్కానర్‌తో సెన్సర్ల విలువలు చూడటమే మొదటి మెట్టు.

వేగం అదుపు తప్పితే

డీజిల్ ఇంజిన్ వేగం దానంతటదే పెరుగుతూ పోయి, దట్టమైన పొగ వస్తే అది ఐడిల్ సమస్య కాదు. టర్బో సీలు దెబ్బతిని, ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుంటూ ఉండవచ్చు. అప్పుడు తాళంచెవి తిప్పినా ఇంజిన్ ఆగదు. మాన్యువల్ గేరు బండిని హ్యాండ్ బ్రేక్, కాలి బ్రేక్ రెండింటితో గట్టిగా పట్టి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవచ్చు. గాలి గొట్టాన్ని చేతితోగాని గుడ్డతోగాని మూయరాదు. బండి ముందు ఎవరూ నిలబడకూడదు. ఇంజిన్ ఆగకపోతే బండి దిగి దూరంగా వెళ్లడమే క్షేమం.

మరమ్మతు తర్వాత ఇంజిన్‌ను చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి, ఏసీతో మరోసారి పరీక్షించాలి. పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి వదిలినప్పుడు వేగం ప్రతిసారీ అదే అంకెకు తిరిగి వస్తేనే పని పూర్తయినట్టు.